చెట్టు ఏ నెలలో కొట్టాలో ఎవరు తేలుస్తున్నారు?

తిరుపతిలో కలప మాట ఎత్తితే అది ఎర్రచందనమే. ఎన్ని దుంగలు పట్టుకున్నారు, ఎంతమందిని అరెస్టు చేశారు, వేలంలో టన్ను ఎంత పలికింది, ఇవే వార్తలు. ఆ చెట్టు వయసెంత, ఏ నెలలో కొట్టారు అని అడిగేవాళ్లు కనబడరు. నాకైతే ముందు అడగాల్సింది అదే అనిపిస్తుంది. ఒకే చెట్టుని మాఘంలో కొట్టడానికీ వైశాఖంలో కొట్టడానికీ చాలా తేడా ఉంది, అడవికీ, చెక్కకీ, దాని మీద బతికే మనిషికీ.

ముందు చెట్టు లోపలి సంగతి చూద్దాం. శేషాచలం కొండల్లో ఎక్కువ భాగం ఆకు రాల్చే చెట్లే. ఆకు రాల్చే ముందు చెట్టు తను తయారు చేసుకున్న ఆహారాన్ని పిండిపదార్థంగా మార్చి వేళ్లలోనూ, కాండంలో బయటి తెల్ల చెక్కలోనూ దాచుకుంటుంది. ఎండాకాలంలో చిగురు తొడగడానికి ఖర్చయ్యేది ఆ నిల్వే. అందుకే మోడుగా ఉన్నప్పుడు, చిగురుకి కాస్త ముందు కొడితే వేళ్లలో బలం నిండుగా ఉంటుంది, మొద్దు నుంచి పిలకలు ఏపుగా లేస్తాయి. అదే చిగురేసిన వెంటనే కొట్టారనుకోండి, ఉన్న నిల్వంతా ఆకులకి ఖర్చయిపోయింది, ఆ ఆకులు తిరిగి సంపాదించి పెట్టేలోపే పోయాయి, ఇక పిలకలు నీరసంగా వస్తాయి, కొన్ని మొద్దులు అసలు లేవవు.

చెక్క దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. చెక్కని తొలిచి మెత్తటి పొడిగా రాల్చే చిన్న పురుగులున్నాయి కదా, వాటికి కావాల్సింది తెల్ల చెక్కలో ఉండే ఆ పిండే. లోపలి చేవ జోలికి అవి పోవు. అంటే పిలకలకి మంచి నెల చెక్కకి చెడ్డ నెల అవుతుంది. మన పెద్దవాళ్లు వెదుర్లనీ వాసాలనీ వారాల తరబడి చెరువులో నానబెట్టింది ఊరికే కాదు, నీళ్లలో ఆ పిండీ చక్కెరా చాలావరకు పోతాయి. బర్మాలో టేకుకి ఇంకో పద్ధతి ఉండేది, చెట్టు మొదట్లో చుట్టూ గాడి కోసి, రెండు మూడేళ్లు అలాగే నిలబెట్టి ఎండనిచ్చి, అప్పుడు పడగొట్టి నదిలో తేలేసేవాళ్లు. వెదురు అమావాస్య రోజుల్లోనే కొట్టాలనే మాట మన వైపు ఇప్పటికీ వింటాం. నేను తిథి కంటే నెలకే ఎక్కువ విలువిస్తాను.

వెదురుకి నెల ఎంత ముఖ్యమో చూడండి. వానలు పడగానే కొమ్ములు పుట్టుకొస్తాయి, కొద్ది నెలల్లోనే అవి పూర్తి ఎత్తుకి పెరిగిపోతాయి. అంత వేగంగా పెరగడానికి తిండి పెట్టేది నేలలో ఉన్న దుంప, పక్కనున్న పాత బొంగులు. ఆ వానల్లోనే పాత బొంగులు నరికేస్తే పిల్ల వెదురు ఆకలితో సన్నబడుతుంది, మరుసటి ఏడాది పొద పలచబడుతుంది. నష్టం చివరికి బుట్టలు, తట్టలు అల్లుకునే మేదర్లకే. అందుకే వానాకాలంలో కొట్టకూడదని, రెండేళ్లు నిండని బొంగు ముట్టకూడదని నియమం.

మన జిల్లాకి వాన ఇంకో లెక్క కూడా తెస్తుంది. ఇక్కడ అసలు కుండపోత అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, 2021 నవంబరులో తిరుపతి మునిగిన సంగతి ఎవరూ మర్చిపోయి ఉండరు. నేల తడిసి ఉన్నప్పుడు దుంగలు లాగితే, ట్రాక్టర్లు తిప్పితే మట్టి గట్టిపడి నీళ్లు ఇంకడం మానేస్తుంది. ఎండాకాలంలో కొడితే ఆ బాధ లేదు, కానీ వదిలేసిన కొమ్మా రెమ్మా ఎండి మంటకి సిద్ధంగా ఉంటాయి, పైగా చాలా పక్షులు తొర్రల్లో పిల్లల్ని పెంచేది ఆ కాలంలోనే. వాలు మీద కొట్టిన చెట్టుతో ఇంకో ప్రమాదం ఉంది. కొట్టిన ఏడాది వేళ్లు ఇంకా మట్టిని పట్టుకునే ఉంటాయి. అవి కుళ్లిపోయి, కొత్త వేళ్లు ఇంకా బలపడని మధ్య కాలంలో, అంటే కొట్టిన కొన్నేళ్ల తర్వాత, కొండ జారే ప్రమాదం ఎక్కువ. అప్పటికి కొట్టినవాళ్లు ఎక్కడుంటారో!

నెల సంగతి ఇలా ఉంటే, వయసు సంగతి పూర్తిగా డబ్బుతో ముడిపడింది. 1849లో జర్మనీలో మార్టిన్ ఫౌస్ట్‌మన్ అనే అటవీ నిపుణుడు ఒక లెక్క కట్టాడు. సులభంగా చెప్పాలంటే, తోటని ఇంకో ఏడాది ఉంచితే పెరిగే విలువ, ఇప్పుడే అమ్మితే ఆ డబ్బు మీదా నేల మీదా వచ్చే రాబడి కంటే ఎక్కువ ఉన్నంతకాలం ఆగొచ్చు. మరి నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకున్న రైతు సంగతేంటి? ఏడాదికి 24 శాతం. కాస్త ముదిరిన తోట ఏదీ అంత వేగంగా పెరగదు. గూడూరు, కోట, వాకాడు వైపు సరుగుడు వేసినవాళ్లు మూడు నుంచి ఐదేళ్లలో కొట్టేస్తారు, కాగితం గుజ్జుకీ గుంజలకీ ఆ వయసు చాలు కాబట్టి సరిపోతుంది. చేవ కట్టాల్సిన చెట్టుకి అది కుదరదు. ఎర్రచందనంలో మంచి చేవ రావాలంటే దశాబ్దాలు ఆగాలి. ఆడపిల్ల పెళ్లో, ఆసుపత్రి ఖర్చో అన్ని దశాబ్దాలు ఆగుతాయా?

అడవిలో అయితే ఆ సమయాన్ని దొంగలే తేలుస్తున్నారు. వాళ్లకి కావాల్సింది చేవ ఎక్కువున్న పెద్ద చెట్టు, అంటే విత్తనం బాగా ఇచ్చే తల్లి చెట్టు. ఎండాకాలం మొదట్లో పూసిన పూలు కాయలై ముదిరేసరికి మళ్లీ చలికాలం వెళ్లిపోవస్తుంది, ఈలోపు కొడితే ఆ ఏడాది విత్తనం మొత్తం పోయినట్టే. పొలం పని దొరకని రోజుల్లో కూలి ఆశ చూపించి కొండజాతుల మనుషుల్ని తెచ్చి గొడ్డలి చేతికిస్తారు. 2015 ఏప్రిల్ 7న ఇదే శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది తమిళనాడు కూలీలు చనిపోయారు. కొట్టించినవాళ్లు ఆ కొండ ఎక్కనే ఎక్కరు.

సొంత పొలంలో ఎర్రచందనం నాటిన రైతులు మన చుట్టూ చాలామంది ఉన్నారు. వాళ్లు ఆగగలిగితే అడవి మీద ఒత్తిడి కొంతైనా తగ్గుతుందని నా నమ్మకం. ఆగాలంటే నిలబడి ఉన్న చెట్టు మీద తక్కువ వడ్డీకి అప్పు దొరకాలి. కొట్టుకోవడానికి, తరలించడానికి అనుమతులు చెట్టు కాలానికి తగ్గట్టు రావాలి. 2017లో అటవీ చట్టం మార్చి, అడవి బయట పెంచుకున్న వెదురుని చెట్టు అనే నిర్వచనం నుంచి తీసేశారు, వెదురు రైతుకి అది మంచి మార్పు. ఎర్రచందనాన్ని అలా పూర్తిగా వదిలేయమని నేను అనను, అడవి దుంగ పొలం దుంగ పేరుతో బయటికి పోతుంది. కానీ తనిఖీ చేసే అధికారి చెట్టు మోడుగా ఉన్నప్పుడే పొలానికి వచ్చి, చిగురు రాకముందే కాగితం ఇవ్వగలిగితే, ఎర్రచందనంలో విలువ చేవదే, పురుగు చేవ జోలికి పోదు కాబట్టి రైతుకి కలపా దక్కుతుంది, మొద్దు నుంచి రెండో తోటా లేస్తుంది.