పియాఫ్ బయోపిక్: ఎడిట్ రూమ్‌లో వినిపించే అపోహలు, అసలు సంగతులు

బయోపిక్ చూసి బయటికొచ్చినవాళ్లు మామూలుగా అడిగేవి రెండే. "ఇదంతా నిజంగా జరిగిందా?", "అచ్చం ఆమెలాగే ఉంది కదూ?" ఎడిటింగ్ చేసేవాళ్లం చూసేది ఇంకొకటి: ఇందులో ఏం లేదు? ఒక మనిషి 47 ఏళ్లు బతికితే తెర మీదకొచ్చేది 140 నిమిషాలు. మిగతాదంతా ఎవరో కూర్చుని తీసేసిందే. ఉంచినదానితో పాటు ఆ తీసేసింది కూడా పాత్రని తయారుచేస్తుంది.

ఫ్రెంచ్ గాయని ఎదిత్ పియాఫ్ మీద ఒలివియే దహాన్ తీసిన 'లా మోమ్' (2007) గురించి చెబుతున్నాను. బయటి దేశాల్లో 'లా వీ ఆన్ రోజ్' అన్న పేరుతో ఆడింది. ఎడిటర్ రిషార్ మారిజీ. పియాఫ్‌గా చేసిన మరియన్ కొతియార్‌కి ఉత్తమ నటి ఆస్కార్ వచ్చింది. ఫ్రెంచ్‌లో మాట్లాడిన పాత్రకి ఆ అవార్డు రావడం అదే మొదటిసారి. బయోపిక్ తీద్దామని వచ్చే కుర్రాళ్లు తరచూ ఈ సినిమానే ఉదాహరణగా చూపిస్తారు. చూపించేటప్పుడు చెప్పే మాటల్లో సగం సరిచేయాల్సినవే.

అపోహ: కథలో దమ్ము లేనప్పుడే కాలాన్ని వెనక్కీ ముందుకీ దూకిస్తారు.

చాలా సినిమాల విషయంలో ఈ మాట నిజమే, కాదనను. ఇక్కడ మాత్రం కాదు. పియాఫ్ జీవితాన్ని వరుసగా చెప్పి చూడండి. 1915లో పేదింట్లో పుట్టింది. తల్లి వదిలేసింది. నార్మండీలో నాయనమ్మ నడిపే వేశ్యాగృహంలో పెరిగింది. కళ్ల జబ్బుతో కొన్నాళ్లు చూపు పోయింది. వీధుల్లో పాడుతుంటే లూయీ లెప్లే అనే క్లబ్బు యజమాని 1935లో చేరదీశాడు. మరుసటి ఏడాదే ఆయన్ని ఎవరో చంపేశారు. 1949లో ప్రేమించిన బాక్సర్ మార్సెల్ సెర్దాన్ విమాన ప్రమాదంలో పోయాడు. 1951లో కారు ప్రమాదాలు, ఆ నొప్పులకి మార్ఫిన్, ఆ మార్ఫిన్‌కి బానిస కావడం, 1963లో చావు. ఇలా వరసపెట్టి చూపిస్తే గంట తిరక్కముందే ప్రేక్షకుడు "ఇక నెక్స్ట్ ఎవరు పోతారు?" అని లెక్క మొదలుపెడతాడు. కష్టాల చిట్టా ఎంత నిజమైనదైనా తెర మీద కాసేపటికి మొద్దుబారిపోతుంది.

అందుకే సినిమా 1959లో, న్యూయార్క్ స్టేజి మీద ఆమె కుప్పకూలడంతో మొదలవుతుంది. అక్కణ్ణించి 1918 నాటి పారిస్‌లోని పేదల పేట బెల్‌విల్ వీధిలోకి వెళ్తుంది. వంగిపోయిన నడుము, వణికే వేళ్లు ముందే చూసేశాం కాబట్టి, ఆ తర్వాత వీధిలో పాడే పిల్లని చూసేటప్పుడు "ఏమవుతుంది" అన్న ఆత్రుత ఉండదు, "ఇలా ఎందుకైంది" అన్న ప్రశ్నే ఉంటుంది. గిమ్మిక్కు అని కొట్టిపారేయడానికి లేదు.

ఈ సినిమాలో అసలు పెద్ద ఎడిటింగ్ నిర్ణయం మాత్రం వేరే ఉంది. పియాఫ్‌కి 1933లో ఒక కూతురు పుట్టింది, పేరు మార్సెల్. రెండేళ్లకే మెనింజైటిస్‌తో పోయింది. వరసలో పెడితే ఈ సీను మొదటి గంటలోనే రావాలి. సినిమాలో దాదాపు ఆఖర్న, మంచాన పడ్డ రాత్రి జ్ఞాపకాల్లో వస్తుంది. అప్పటిదాకా ఆమె తాగుడు, కోపం, నోటి దురుసు చూసి మనం ఒక అభిప్రాయానికి వచ్చేసి ఉంటాం. ఒక్క దెబ్బకి అదంతా తిరగేసుకోవాల్సి వస్తుంది. పనిచేస్తుందా అంటే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కానీ నా లెక్కలో ఇది కొంత దొంగదెబ్బే. ఆమెకి ప్రతి క్షణం తెలిసిన విషయాన్ని మనకి మాత్రం రెండు గంటలు దాచారు. ఆ టేబుల్ దగ్గర నేను ఉండుంటే డైరెక్టర్‌తో ఒక పూట వాదన పెట్టుకునేవాణ్ణి.

అపోహ: పాటలన్నీ కొతియారే పాడింది.

లేదు. ఎక్కువ చోట్ల వినిపించేది పియాఫ్ సొంత రికార్డింగులే. కొన్ని చోట్ల జిల్ ఎగ్రో అనే గాయని పాడింది. ఇది చెప్పగానే కొందరు "ఓస్, పెదవులు కదపడమేగా" అంటారు. మనవాళ్ల నోటి నుంచి ఈ మాట రావడం విచిత్రం. ఘంటసాల గొంతుకి ఎన్టీఆర్, ఏఎన్నార్ పెదవులు కలపడం చూస్తూ పెరిగినవాళ్లం కదా మనం! ఒక తేడా గమనించండి. ఘంటసాల హీరోని బట్టి గొంతు మార్చి పాడేవారు. నటుడికీ గాయకుడికీ మధ్య సగం దూరం గాయకుడే నడిచి వచ్చేవాడు. పియాఫ్ రికార్డింగు దశాబ్దాల కిందటిది, అది ఒక్క అంగుళం కూడా జరగదు. దూరమంతా నటే నడవాలి.

సింక్, అంటే పాటకీ నటి కదలికకీ పొంతన చూసేటప్పుడు మేం పెదవులతో ఆగం. పెదవి ఒకటి రెండు ఫ్రేములు అటూ ఇటూ అయినా ప్రేక్షకుడు క్షమిస్తాడు. ఊపిరి తప్పితే క్షమించడు. ఎందుకు నచ్చలేదో అతనికి తెలియదు, "ఏదో తేడాగా ఉంది" అంటాడు. లైను ఎత్తుకునే ముందు భుజం లేవాలి, గొంతు దగ్గర నరం బిగుసుకోవాలి, లైను చివర ఛాతీ ఖాళీ అవ్వాలి. పియాఫ్ పాటలో 'ర' అక్షరం గొంతులోనే దొర్లుతుంది. పెదవుల మీద దాని జాడ ఉండదు, మెడ మీద కనబడాలి. ఓసారి సౌండ్ ఆపేసి కొతియార్ మెడ మాత్రమే చూస్తూ ఒక పాట మొత్తం నడిపించండి. సౌండ్ లేకున్నా ఎక్కడ లైను మొదలై ఎక్కడ ఆగిందో చెప్పేయగలరు.

ఇంకో చోట దహాన్ దీన్నే తిరగేశాడు. వీధి గాయనిగా, క్లబ్బు గాయనిగా ఉన్న పియాఫ్ మొదటిసారి పెద్ద మ్యూజిక్ హాల్ స్టేజి ఎక్కిన సీనులో ఆమె గొంతు అసలు వినిపించదు. నేపథ్య సంగీతం మాత్రమే ఉంటుంది. చేతులు కదులుతుంటాయి, నోరు కదులుతుంటుంది, ఎదురుగా జనం మొహాలు మారుతుంటాయి. గాయని జీవితంలో అంత ముఖ్యమైన పాటని వినిపించకుండా కట్ చేయడానికి గుండె ధైర్యం కావాలి. మన దగ్గరైతే ఆడియో హక్కులు కొన్న కంపెనీవాళ్లే ఫోన్ చేస్తారు.

అపోహ: ఎక్కువ కట్లుంటేనే ఎడిటింగ్ కనబడుతుంది.

సెర్దాన్ చావు కబురు తెలిసే సీను చూడండి. పొద్దున్నే ఆమె నిద్ర లేస్తుంది. ఎదురుగా సెర్దాన్. సంబరపడిపోయి కాఫీ తేవడానికి వెళ్తుంది. ఇంట్లో ఉన్నవాళ్లంతా బిగుసుకుపోయి నిలబడి ఉంటారు, ఆమె పట్టించుకోదు. అతనికి ఇవ్వాలని కొన్న గడియారం కనబడక అందరి మీదా అరుస్తుంది. గదుల్లోంచి గదుల్లోకి కెమెరా ఆమె వెంటే తిరుగుతుంది. అప్పుడు చెబుతారు, విమానం కూలిందని. గదిలోకి పరిగెడితే అక్కడ ఎవరూ లేరు. ఏడుస్తూ నడవా దాటి వెళ్తే అటు చివర స్టేజి. ఇదంతా ఒకటే షాట్‌లా సాగుతుంది.

ఇక్కడ ఒక్క కట్ వేసినా సీను చచ్చిపోతుంది. కట్ పడగానే "ఇది కల, ఇది నిజం" అని ప్రేక్షకుడు విడదీసుకోగలుగుతాడు. కట్ లేకపోతే ఆమెలాగే మనకీ రెండూ ఒకటే. కెమెరా వైపు నుంచి చూస్తే దీనికి రిహార్సల్ కావాలి. ఎడిటర్ వైపు నుంచి చూస్తే కత్తెర ముట్టుకోకుండా ఉండటమే పని. నిజంలో కూడా 1949 అక్టోబర్ 28న ఆమె న్యూయార్క్‌లోనే ఉంది, ఆ రాత్రి కచేరీ ఆపలేదు. కాబట్టి నడవా చివర స్టేజి రావడం దర్శకుడు కల్పించిన అతిశయోక్తి అనుకోవద్దు.

అపోహ: 'ఇమ్న్ ఆ లామూర్' (ప్రేమ గీతం) పాట సెర్దాన్ పోయిన దుఃఖంలో రాసింది.

ఆమె ఆ పాటని 1949 సెప్టెంబరులోనే న్యూయార్క్‌లో పాడేసింది, అప్పటికి సెర్దాన్ బతికే ఉన్నాడు. రికార్డింగు మాత్రం 1950లో. చావు తర్వాత వినేసరికి అందరికీ అది స్మృతిగీతంలా వినిపించింది. 'నాన్, జె నె రెగ్రెట్ రియెన్' (లేదు, నాకు దేనికీ పశ్చాత్తాపం లేదు) సంగతీ అలాంటిదే. ఆమె ఆత్మకథలా వినిపించే ఆ పాటలో ఆమె రాసిన మాట ఒక్కటీ లేదు. మాటలు మిషెల్ వోకేర్‌వి, బాణీ షార్ల్ ద్యుమోఁది. ఆమె చేతికి రాకముందు కొన్నేళ్లుగా వాళ్ల దగ్గరే ఉంది. సినిమా దాన్ని ఆఖరి పాటగా పెట్టింది. అక్కడ పెడితే ఎవరికైనా ఆత్మకథలాగే వినిపిస్తుంది.

అపోహ: పియాఫ్ ఫుట్‌పాత్ మీద పుట్టింది.

బెల్‌విల్ వీధిలో 72 నంబరు ఇంటి గోడ మీద అలాగే రాసిన ఫలకం ఉంది. పుట్టిన పత్రంలో మాత్రం తెనాఁ ఆసుపత్రి అని ఉంది. ఇలాంటి కథల్ని పియాఫే కాదనలేదు కాబట్టి సినిమావాళ్లని తప్పుపట్టడం దండగ.

అపోహ: ఆస్కార్ మేకప్‌కే వచ్చింది, నటనకి కాదు.

రెండిటికీ వచ్చింది. మేకప్‌కి దిదియే లావెర్న్, జాన్ ఆర్చిబాల్డ్ తీసుకున్నారు. అయితే 30 దాటిన నటి 47 ఏళ్లకే పండు ముసలిలా అయిపోయిన మనిషిగా కనబడాలి, పైగా పియాఫ్ కంటే జానెడు పొడుగు. కనుబొమలు, నుదుటి మీది జుట్టు గొరిగించుకోవడం మేకప్. ఆ పొడుగుని మింగేసిన నడుము వంపు మాత్రం నటిదే.

ఇక ఎవరూ అపోహ అని కూడా అనుకోనిది: ఈ సినిమా చూస్తే పియాఫ్ జీవితం మొత్తం తెలిసిపోతుందని.

రెండో ప్రపంచ యుద్ధం ఇందులో దాదాపు లేదు. జర్మన్లు పారిస్‌ని ఆక్రమించుకున్న నాలుగేళ్లూ ఆమె అక్కడ పాడుతూనే ఉంది. జర్మనీలో ఫ్రెంచ్ యుద్ధఖైదీల శిబిరాలకి వెళ్లి పాడింది. యుద్ధం అయిపోయాక "శత్రువుతో కుమ్మక్కైందా" అన్న విచారణ ఎదుర్కొని బయటపడింది. ఖైదీలతో తీయించుకున్న ఫోటోల్ని దొంగ గుర్తింపు పత్రాలకి వాడి కొందరిని తప్పించామని ఆమె సెక్రటరీ ఆంద్రే బిగార్ తర్వాత చెప్పింది. అందులో ఎంత నిజం అన్నది వేరే చర్చ. కానీ ఏ రైటర్‌కైనా ఇంతకంటే మంచి ముడిసరుకు దొరుకుతుందా? అయినా పక్కన పెట్టేశారు.

పక్కన పెట్టడానికి కారణం ఊహించగలను. యుద్ధం వస్తే పియాఫ్ మీద జాలి పడటం కష్టమవుతుంది. అక్కడ ఆమె బేరాలాడే మనిషి, రిస్కు తీసుకునే మనిషి, రెండు పక్షాలతో జాగ్రత్తగా మెలగాల్సిన మనిషి. అలాగే గాయకుడు ఈవ్ మోఁతాఁ కూడా పాత్రగా లేడు. 1944లో పరిచయమైన ఆ కుర్రాడికి ఏ పాట పాడాలో, స్టేజి మీద ఎలా నిలబడాలో నేర్పి స్టార్‌ని చేసింది పియాఫే. ఇంకో గాయకుడు షార్ల్ అజ్నవూర్ ఏళ్ల తరబడి ఆమె నీడన ఎదిగాడు. 'లా వీ ఆన్ రోజ్' పాటకి మాటలు రాసింది ఆమే. పాట కట్టే మనిషి, ఆర్టిస్టుల్ని తయారుచేసే మనిషి, ట్రూపుని నడిపే మనిషి, ఆమెలోని ఈ ముగ్గురూ సినిమాలో చాలా పల్చగా కనిపిస్తారు. మందు సీసా, సూది మందు, మంచం మాత్రం చిక్కగా ఉంటాయి. కష్టపడి పైకొచ్చి కూలిపోయిన కళాకారిణి అనగానే మన దగ్గరా స్క్రిప్టులు ఇటే జారతాయి. సావిత్రి గురించి ఎవరు మాట్లాడినా తాగుడు దగ్గర ఆగినంతసేపు ఆమె సొంతంగా దర్శకత్వం చేసిన సినిమాల దగ్గర ఆగరు.

బయోపిక్ స్క్రిప్టు పట్టుకుని వచ్చేవాళ్లకి నేను చెప్పే పని ఒకటుంది. ఒక్కో సీను ఒక్కో కార్డు మీద రాసి గోడకి అంటించేటప్పుడు, తీసేసిన కార్డుల్ని చెత్తబుట్టలో వేయకుండా పక్క గోడకి అంటించండి. షూటింగు మొదలయ్యే ముందు రోజు ఆ పక్క గోడ ముందు నిలబడి, ఆ కార్డుల్లో మీ హీరోయిన్ ఏడవకుండా పనిచేసుకుంటున్నవి ఎన్నున్నాయో లెక్కపెట్టండి. సగం దాటితే షెడ్యూలు ఒక వారం వెనక్కి జరపమని ప్రొడ్యూసర్‌ని అడగండి. తిడతాడు. అయినా అడగండి.