మందం సగమైతే టైము పావు

మొన్న శనివారం రాత్రి పిల్లల్ని తీసుకుని బయట తినడానికి వెళ్ళాం. ఆర్డర్ చెప్పి 12 నిమిషాలు కాకముందే ప్లేట్లు వచ్చేశాయి. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. ప్లేటు వంకా నా వంకా చూసి, "నాన్నా, నువ్వు వండితే గంట పడుతుంది కదా, వీళ్ళకి ఇంత తొందరగా ఎలా అయిపోయింది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే పక్క టేబుల్ దగ్గర కూర్చున్న పెద్దాయన "సోడా కలుపుతారమ్మా" అనేశారు. సోడా వేస్తే గట్టి గింజలు త్వరగా మెత్తబడతాయి, అది నిజమే. కానీ ఆ రోజు మా ప్లేట్లలో ఉన్నది సన్నగా తరిగిన కూరగాయలూ, చిన్న చిన్న బంగాళాదుంప ముక్కలూ. వాటికి సోడాతో పనే లేదు. అసలు కిటుకంతా కత్తిలోనే ఉంది. ఇంటికొచ్చే దారంతా మా అమ్మాయికి ఈ సంగతి చెబుతూనే ఉన్నాను, ఇంకా తనివి తీరక ఇక్కడ రాస్తున్నాను.

ముందు మంట గురించి చెప్పేస్తాను. త్వరగా ఉడకాలని నీళ్ళు తెర్లుతున్నా స్టవ్ హైలోనే ఉంచేవాళ్ళు చాలామంది. నీళ్ళు మరగడం మొదలయ్యాక, సముద్రమట్టం దగ్గర అయితే, 100 డిగ్రీల సెల్సియస్ దాటవు. మీరు ఎంత మంట పెట్టినా ఆ ఎక్కువ వేడంతా ఆవిరై పోతుంది. 20 డిగ్రీల దగ్గరున్న లీటరు నీళ్ళని 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 335 కిలోజౌళ్ళ శక్తి చాలు, అదే లీటరు పూర్తిగా ఆవిరి కావాలంటే ఇంకో 2,257 కావాలి. అంటే పెద్ద మంట మీద మీరు వంటగదికి ఆవిరి పట్టిస్తున్నారు తప్ప దుంపకి అదనంగా ఏమీ అందడం లేదు. ఉప్పు వేస్తే నీళ్ళ వేడి పెరిగి త్వరగా ఉడుకుతుందనే నమ్మకం కూడా ఉంది. లీటరుకి 10 గ్రాములు వేస్తే మరిగే ఉష్ణోగ్రత పెరిగేది డిగ్రీలో ఆరో వంతు. రుచికి వేసుకోండి, టైము కోసం కాదు.

మరి టైము దేనిమీద ఆధారపడుతుంది? వేడి దుంప పైతొక్క నుంచి మధ్యకి నడిచి వెళ్ళాలి. ఆ నడక ఎలా ఉంటుందో తెలిస్తే మిగతాదంతా దానంతటదే వచ్చేస్తుంది.

మరుసటి రోజు మా హాల్లో ఒక ఆట పెట్టాను. నేల మీద టైల్స్ వరసగా ఉన్నాయి. మా అమ్మాయిని మధ్య టైల్ మీద నిలబెట్టి చేతికి ఒక నాణెం ఇచ్చాను. బొమ్మ పడితే కుడివైపు ఒక టైల్, బొరుసు పడితే ఎడమవైపు ఒక టైల్ జరగాలి. కుడైనా ఎడమైనా సరే, 3 టైల్స్ దూరంలో ఉన్న దిండుని ముట్టుకుంటే ఆట అయిపోయినట్టు. మొదటిసారి 5 ఎగరేతల్లో అయిపోయింది, రెండోసారి 13 పట్టింది, అలా ఒక డజను సార్లు ఆడి సగటు తీస్తే 9కి దగ్గరగా వచ్చింది. అప్పుడు దిండ్లని 6 టైల్స్ దూరానికి జరిపాను. దూరం రెట్టింపయింది కాబట్టి 18 అవుతుందని తను నమ్మకంగా చెప్పింది. కుడికి నాలుగడుగులు పోవడం, మళ్ళీ వెనక్కి రావడం, మధ్యలోనే తచ్చాడడం... ఒక ఆటకి 50 దాటిపోయేసరికి విసుగొచ్చి కూర్చుండిపోయింది. గణితం ప్రకారం 3 టైల్స్‌కి సగటు సరిగ్గా 9, 6 టైల్స్‌కి 36. దూరానికి వర్గం!

వేడి కూడా దుంపలో ఇలాగే నడుస్తుంది. లోపల అణువులు ఒకదాన్నొకటి తోసుకుంటుంటాయి, ఆ తోపులాటలో శక్తి ముందుకీ వెనక్కీ పోతూ వస్తూ ఎలాగో మధ్యకి చేరుతుంది. అది రోడ్డు మీద తిన్నగా పోయే బండి కాదు, సంతలో తప్పిపోయిన మనిషి నడక. అందుకే మందం రెట్టింపయితే టైము నాలుగింతలు, మందం మూడింతలయితే టైము తొమ్మిదింతలు. ఈ వేడి ప్రవాహానికి సమీకరణం రాసినవాడు ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త జోసెఫ్ ఫోరియర్, 1822లో పుస్తకంగా వచ్చింది. మనకి బడిలో వర్గాలు నేర్పినప్పుడు ఎప్పుడూ పొలం వైశాల్యమే చెప్పారు. ఒక్క మాస్టారు ఒక్క బంగాళాదుంప క్లాసుకి తెచ్చి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు అంకెలు చూద్దాం, నాకు ఇదే ఇష్టమైన భాగం. నీళ్ళు ఎక్కువగా ఉండే ఏ తిండిలోనైనా వేడి వ్యాపించే గుణకం ఇంచుమించు నీటిదే, సెకనుకి 0.14 చదరపు మిల్లీమీటర్లు. దుంపని గుండ్రటి బంతి అనుకుందాం. 20 డిగ్రీల దగ్గర మొదలై, మరిగే నీళ్ళలో దాని నడిమధ్య 85 డిగ్రీలకు చేరాలి. 6 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న దుంపకి లెక్క 26 నిమిషాలు వస్తుంది. 3 సెంటీమీటర్లయితే ఆరున్నర నిమిషాలు. ఒకటిన్నర సెంటీమీటర్లయితే ఒక నిమిషం 36 సెకన్లు. స్టవ్ అదే, నీళ్ళు అవే, దుంప అదే. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పేలోపే పిల్లలు "ఆకలి" అంటుంటే, కత్తి పట్టుకున్న మూడు నిమిషాలు స్టవ్ దగ్గర ఇరవై నిమిషాలు మిగులుస్తాయి.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్క నిమిషంన్నరలో ఉడికిపోతుందా? పోదు, వండినవాళ్ళందరికీ తెలుసు, ఎనిమిది పది నిమిషాలు పడుతుంది. ఎందుకంటే మధ్యకి వేడి చేరడం ఒక పని, చేరాక ఉడకడం ఇంకో పని. 60, 70 డిగ్రీల మధ్య పిండి పదార్థం నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది, అది త్వరగానే అవుతుంది. కణాల్ని ఒకదానికొకటి అంటించి ఉంచే పెక్టిన్ అనే జిగురు కరగాలంటే మాత్రం 85 డిగ్రీల పైన కొంతసేపు ఉండాల్సిందే. ఆ రసాయన చర్యకి ముక్క సైజుతో సంబంధం లేదు. కాబట్టి ఒక హద్దు దాటాక ఇంకా సన్నగా తరిగితే లాభం లేదు, చేతి నొప్పి తప్ప. నా మటుకు నేను ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల దగ్గర ఆపేస్తాను.

ప్రెషర్ కుక్కర్ చేసే మేలు ఈ రెండో పనిలోనే. లోపల ఆవిరి ఒత్తిడి బయటి గాలికి రెట్టింపు అయితే నీళ్ళు 120 డిగ్రీల దాకా వెళ్తాయి. ఇలాంటి చర్యలు 10 డిగ్రీలకి సుమారు రెండింతలు వేగం అందుకుంటాయి అనుకుంటే 20 డిగ్రీలకి నాలుగింతలు. కానీ ఆ 6 సెంటీమీటర్ల దుంప మధ్యకి వేడి చేరడం మాత్రం 26 నిమిషాల నుంచి 19కే తగ్గుతుంది. వర్గం లెక్కని కుక్కర్ కూడా మార్చలేదు. పెద్ద దుంపని అలాగే కుక్కర్లో పడేసి, పైన చిదికిపోయి లోపల గట్టిగా మిగిలిందని బాధపడేవాళ్ళకి జవాబు ఇదే. రెండు ముక్కలు చేసి వేయండి, అంతే.

హోటల్ వంటవాళ్ళకి ఇదంతా చేతుల్లోనే ఉంటుంది. గట్టివి ముందే సగం ఉడికించి పెట్టుకుంటారు, మిగతావి సన్నగా తరిగి పెట్టుకుంటారు, వెడల్పాటి బాణలిలో ఒక్క పొరలా పరుచుకునేలా వేస్తారు. పల్చగా తరిగినవాటికే అంత పెద్ద మంట పనికొస్తుంది, మందంగా ఉన్నదాన్ని దాని మీద పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. బాగా ఆకలి మీదున్న పిల్లలతో వెళ్ళినప్పుడు మెనూలో నేను ముందు చూసేది అదే: ఏది పల్చగా ఉంటుంది, ఏది మందంగా ఉంటుంది.

వేడెక్కడానికి వర్తించిందే చల్లారడానికీ వర్తిస్తుంది. చిక్కటి జావ గిన్నెలో పోసి ఇస్తే పైన గోరువెచ్చగా ఉంటుంది, రెండో చెంచాకి పిల్లాడి నాలుక కాలుతుంది. పల్చటి చారయితే అలా జరగదు. పల్చటి ద్రవంలో వేడిది పైకీ చల్లనిది కిందికీ తిరుగుతూ తమంతట తామే కలుస్తాయి. చిక్కబడితే ఆ తిరుగుడు ఆగిపోతుంది, అప్పుడు వేడికి మళ్ళీ నాణెం ఎగరేసుకునే నడకే గతి. చెంచాతో కలపడమంటే ఆ తిరుగుడుని మన చేత్తో మనం చేయడమే. పళ్ళెంలో పల్చగా పరిచినా చాలు. ఊదడం కంటే ఇది ఎంతో మేలు.

ఈ తేడా దగ్గరే ఒక మహా శాస్త్రవేత్త లెక్క తప్పింది. కరిగిన బంతిలా మొదలైన భూమి ఇప్పటికి ఇంత చల్లబడటానికి ఎన్నేళ్ళు పట్టి ఉంటుందని లార్డ్ కెల్విన్ 1862లో ఇదే ఫోరియర్ సమీకరణంతో లెక్కగట్టి, 2 కోట్ల నుంచి 40 కోట్ల ఏళ్ళ మధ్య అన్నాడు. అసలు వయసు దాదాపు 454 కోట్ల ఏళ్ళు. భూమి లోపల రాయి గట్టి దుంపలా ఉందని ఆయన అనుకున్నాడు. 1895లో ఆయన పాత సహాయకుడు జాన్ పెర్రీ, లోపల పదార్థం నెమ్మదిగా కదులుతూ వేడిని పైకి మోస్తుంటే ఈ లెక్క నిలబడదని, భూమి వయసు ఎన్నో రెట్లు పెరుగుతుందని చూపించాడు. జావకీ చారుకీ ఉన్న తేడాయే అది.

ఇక తల్లిదండ్రులు నిజంగా పట్టించుకోవాల్సిన చోటు, మిగిలిన అన్నం. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు, ఉడికించినా అవి చావవు. అన్నం 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే అవి మొలకెత్తి పెరుగుతాయి, వాటిలో కొన్ని రకాలు వాంతులు తెప్పించే విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. కాబట్టి ఆ మధ్య వేడిలోంచి అన్నాన్ని ఎంత త్వరగా దాటిస్తామన్నదే ముఖ్యం. 10 సెంటీమీటర్ల మందాన గిన్నెలో వదిలేసిన అన్నం మధ్యభాగం నుంచి వేడి బయటికి రావడానికి పట్టే టైము, గుణకం ప్రకారం, 5 గంటల లెక్కలో ఉంటుంది. రెండున్నర సెంటీమీటర్ల మందాన పరిస్తే అది 19 నిమిషాలు. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి: ఈ వర్గం లెక్క పూర్తిగా పనిచేయాలంటే పైన తగిలేది వేడిని గబగబా లాక్కోవాలి. నీళ్ళు లాక్కుంటాయి, కదలని గాలి లాక్కోలేదు. గాలిలో వదిలేస్తే లాభం పదహారింతలు కాదు, నాలుగింతలకీ పదహారింతలకీ మధ్య ఎక్కడో ఉంటుంది. వెడల్పాటి డబ్బాలో పరిచి, మూతపెట్టి, దాన్ని చల్లటి నీళ్ళ పళ్ళెంలో ఉంచితే పూర్తి లాభం దగ్గరికి వస్తారు. హోటల్ నుంచి పార్సిల్ తెచ్చుకున్నదైనా అంతే, రెండు గంటల లోపు లోతు తక్కువ డబ్బాల్లోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టేయాలి. వేడివి ఫ్రిజ్‌లో పెట్టకూడదని రాత్రంతా బయట ఉంచే అలవాటు పిల్లల పొట్టలకి మంచిది కాదు. పల్చగా పరిచి ఆవిరి తగ్గాక పెట్టేయండి, గోరువెచ్చగా ఉన్నా పరవాలేదు.

మైక్రోవేవ్‌లో వేడి చేసినా ఈ లెక్క వదలదు. ఆ తరంగాలు తిండిలోకి ఒకటి రెండు సెంటీమీటర్లే గట్టిగా చొచ్చుకుపోతాయి, అక్కడి నుంచి లోపలికి మళ్ళీ తోపులాట నడకే. అందుకే మధ్యలో ఒకసారి కలపమనీ, ఆపాక రెండు నిమిషాలు ఆగమనీ చెప్తారు.

ఇక ఫ్రీజర్. ఆదివారం ఎక్కువ వండి గడ్డకట్టించి పెట్టుకునే వాళ్ళ కోసం ఒక ముచ్చట. ఉష్ణోగ్రత తేడా అంతే అయితే, ఏదైనా గడ్డకట్టే దానికంటే కరగడం నెమ్మది. మంచు వేడిని నీటికన్నా మూడున్నర రెట్లకు పైగా బాగా ప్రవహింపజేస్తుంది. గడ్డకట్టేటప్పుడు బయటి పొర మంచు అవుతుంది, కాబట్టి లోపలి వేడి దాని గుండా తేలిగ్గా బయటపడుతుంది. కరిగేటప్పుడు బయటి పొర నీరవుతుంది, వేడి ఆ నీటి పొరను దాటుకుని లోపలికి వెళ్ళాలి. అందుకే సూప్‌ని డబ్బాలో కాకుండా జిప్ సంచిలో పోసి, ట్రే మీద ఒకటిన్నర సెంటీమీటర్ల మందాన పడుకోబెట్టి గడ్డకట్టిస్తాం. మా అమ్మాయి పోయిన వారం ఒక సంచి పలకలా, ఇంకొకటి ముద్దలా చేసి పెట్టింది. సోమవారం సాయంత్రం రెండిటినీ చల్లటి నీళ్ళ బకెట్లో వేసి గడియారం పట్టుకుని కూర్చుంది. పలక కరిగి, వేడయ్యి, మేం తినేసి, గిన్నెలు కడిగేశాక కూడా ముద్ద మధ్యలో గుడ్డంత మంచుగడ్డ అలాగే ఉంది.