ఫ్రీఫ్లో అయితే పైకి పరుగెత్తాలా? చల్లనీళ్ల డైవింగ్‌లో అపోహలు - వాస్తవాలు

"అన్నా, చలికి రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) గడ్డకడితే గాలి ఆగిపోతుందట కదా?" అండమాన్‌లో కోర్సు చేసి, మునిగిన ఓడలున్న స్కాట్లండ్‌లోని స్కాపా ఫ్లో సముద్రంలో దిగుదామని వచ్చే మనవాళ్లు ముందు అడిగేది ఇదే. ఎవరు పుట్టించారో గానీ, ప్రాణాల మీదికి తెచ్చే పుకారు ఇది.

ఆగదు. ఆపినా ఆగకుండా వచ్చేస్తుంది. సిలిండర్‌లో 200 బార్‌లో ఉన్న గాలి ఫస్ట్ స్టేజ్‌లో, అంటే సిలిండర్‌కు బిగించే రెగ్యులేటర్ భాగంలో, సుమారు పది బార్‌కు దిగేసరికి విపరీతంగా చల్లబడుతుంది. చుట్టూ నీళ్లూ చల్లనివే అయితే మంచు పట్టి వాల్వ్ తెరుచుకునే ఉండిపోతుంది. ఫ్రీఫ్లో అంటే ఇదే. చెవులు హోరెత్తే చప్పుడు, ముఖం నిండా బుడగలు. భయం వేస్తుంది, వేయదని నేననను. కానీ ఆ గాలి పీల్చుకోవచ్చు. ఓ పక్క పెదవి వదులు చేసి, ఎక్కువైనది బయటికి పోనిస్తూ కొద్దికొద్దిగా పీల్చాలి. సిలిండర్ నిమిషాల్లో ఖాళీ అవుతుంది కాబట్టి వెంటనే రెండో సిలిండర్ రెగ్యులేటర్‌కు మారి, మొదటిదాని వాల్వ్ మూయించుకుని, పైకి వెళ్లే తాడు పట్టుకుని నెమ్మదిగా పైకి రావాలి. కంగారులో ఊపిరి బిగబట్టి దూసుకొస్తే ఊపిరితిత్తులు చిట్లుతాయి, బెండ్స్ (ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టే జబ్బు) పట్టుకోవచ్చు.

ఒక మే నెలలో ఇక్కడ మునిగి ఉన్న కార్ల్స్‌రూహే అనే జర్మన్ ఓడ దగ్గర ఓ కుర్రాడికి ఇదే జరిగింది. పడవ మీద చలిగాలిలో ఊరికే గాలి వదిలే పర్జ్ బటన్ నొక్కుతూ, రెగ్యులేటర్‌తోనే ఊపిరి పీలుస్తూ కూర్చున్నాడు. ఊపిరిలోని తేమే లోపల మంచవుతుంది. దిగేటప్పుడు డ్రైసూట్‌లోకీ (నీళ్లు లోపలికి రాని సూట్) వింగ్‌లోకీ (వీపున ఉండే తేలింపు సంచి) ఒకేసారి గాలి కొట్టాడు. ఇంకేం, మొదలైంది. చెయ్యి గట్టిగా పట్టుకుని రెండోది చూపించాను, మారాడు. పైకొచ్చాక టీ మగ్గు రెండు చేతులా పట్టుకుని, "గాలి వస్తూనే ఉంది కదన్నా!" అన్నాడు.

మిగతావి గబగబా. డ్రైసూట్ వేస్తే చలి ఉండదా? సూట్ తడి ఆపుతుంది, వెచ్చదనం లోపల వేసుకునే వెచ్చటి బట్టలది (థర్మల్స్). కాటన్ బనియన్లు ఇంట్లోనే పెట్టి రండి. చల్లనీళ్లలో చూడ్డానికి ఏమీ ఉండదా? 1919 జూన్ 21న జర్మన్లు తమ చేతులతో తామే ముంచుకున్న ఓడలివి. ఇనుము కనబడకుండా డెడ్ మ్యాన్స్ ఫింగర్స్ అనే మెత్తటి పగడాలు, తెల్లటి ప్లూమోస్ ఎనిమోన్లు పరుచుకుని ఉంటాయి. సందుల్లో ఎండ్రకాయలు, లింగ్ చేపలు. గుర్తుగా చిన్న ముక్క తెచ్చుకుంటే? నేరం. ఇక్కడ మిగిలిన ఏడు జర్మన్ యుద్ధనౌకలూ చట్టం కాపాడే కట్టడాలు. రాయల్ ఓక్ చూపిస్తారా? అది 1939లో మునిగిన బ్రిటిష్ ఓడ, 835 మంది పోయారు. యుద్ధ సమాధి, మనం దిగడానికి వీల్లేదు. దయచేసి మళ్లీ అడగొద్దు.

రెగ్యులేటర్ అద్దెకు తీసుకునేవాళ్లు షాపులోనే ఓ మాట అడగండి: 10 డిగ్రీల కంటే తక్కువ నీళ్లకు ఇది సర్టిఫై అయిందా, చివరి సర్వీస్ ఎప్పుడు?