అరకు లోయలో మిరియాలు, పసుపు, సంఘం అప్పు: అపోహలు – వాస్తవాలు

అరకు, అనంతగిరి ప్రాంతాల్లోని మహిళా సహకార సంఘాల లెక్కలు చూసే నా దగ్గరకు ప్రతి వేసవిలోనూ ఒకే రకం దరఖాస్తులు వస్తాయి: పర్యాటకులు బస చేసేందుకు ఇంటి పక్కన గది కట్టుకోవాలి, అప్పు ఇప్పించండి.

అపోహ: గది ఉంటే పర్యాటకులు వస్తారు, వారు వస్తే మిరియాలు, పసుపు వాటంతటవే అమ్ముడుపోతాయి.

వాస్తవం: అప్పు ముందుగా కావలసింది గదికి కాదు, సరుకు వెంటనే అమ్మకుండా నిలబెట్టుకోవడానికి. పసుపు తవ్వకం, సిల్వర్ ఓక్ చెట్లకు పాకించిన మిరియపు తీగల కోత వేసవి మొదలయ్యేసరికి చాలావరకు ముగుస్తాయి. లోయ జనంతో నిండేది నవంబరు నుంచి జనవరి దాకా. ఈ నడుమ బడి ఖర్చుకో, వైద్యానికో డబ్బు అవసరపడి సరుకంతా సంతలో షావుకారు చెప్పిన ధరకు వెళ్లిపోతుంది. ఐదు కిలోల పచ్చి పసుపు ఉడికించి ఎండబెడితే సుమారు ఒక కిలో కొమ్ములే మిగులుతాయి. అంత చాకిరీకీ విలువ దక్కదు. అందుకే మేము సరుకును గోదాములో ఉంచి, సంత ధరలో సగం అప్పుగా ఇచ్చి, అమ్మకం అయ్యాక వడ్డీతో జమ చేసుకుంటాం.

ఒక సభ్యురాలు గదికి అప్పు తీసుకుని, జూన్ వాయిదా కోసం మిరియాలన్నీ అమ్మేసింది. డిసెంబరులో ఆమె ఇంట దిగినవారు "మీ తోట మిరియాలే కావాలమ్మా" అని అడిగితే, ఇవ్వడానికి గుప్పెడు గింజలు కూడా లేవు. ఆ దరఖాస్తు మీద నా సంతకం కూడా ఉంది. వాయిదాను జనవరికి మార్చమని నేను ఆనాడే పట్టుబట్టవలసింది. మరుసటి ఏడు ఆమె రెండు బస్తాల పసుపు గోదాముకు తెచ్చి, ఒక కొమ్ము నా ముందే విరిచింది. ఖంగుమంది. ఆ శబ్దం రాని కొమ్ములో తడి ఉన్నట్టే, వానల్లో బూజు పట్టినట్టే.

అప్పు కట్టలేకపోతే భూమి మైదానం వారి పాలవుతుందన్న భయం మన పెద్దలు పడ్డ బాధల నుంచి వచ్చింది కనుక దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయితే షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా 1/70 చట్టం (1970 నాటి భూ బదిలీ నిబంధన) అడ్డుగా ఉంది. ఎన్నికలు వస్తే సంఘం అప్పు మాఫీ అవుతుందన్నది మాత్రం ఒట్టి పుకారు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నడిచే మన సంఘంలోని డబ్బు పక్కింటి ఆడపడుచుల పొదుపే.

ఈసారి దరఖాస్తుతో పాటు ఎన్ని కిలోల సరుకు నిలబెట్టగలరో, ఏ నెలలో అమ్మగలరో రాసి తీసుకురండి. వాయిదాల తేదీలను ఆ కాగితం చూసే నిర్ణయిద్దాం.