పాత గోడకు సిమెంటు మందు కాదు: డంగు సున్నం ఇళ్ల గురించి అపోహలు, వాస్తవాలు

వానలు వెనకపట్టగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. పాలమూరు, వనపర్తి, నారాయణపేట, దేవరకొండ, ఎక్కడి నుంచి వచ్చినా ప్రశ్న ఒకటే. "సారూ, మా తాతల నాటి ఇల్లు. గోడల కింద చెమ్మ వస్తున్నది. సిమెంటు ప్లాస్టరింగ్ కొట్టిస్తే ఆగుతది గదా?"

ఆగదు. పెరుగుతుంది. పాత కట్టడాల రిపేర్లే నా పని కాబట్టి ఈ ఒక్క అపోహ ఎన్ని ఇళ్లను తినేస్తోందో రోజూ చూస్తున్నాను. ఇక్కడ ఎక్కువ దాని గురించే. మిగతావి గబగబా చెప్పేస్తా.

అపోహ: సిమెంటు గట్టిది, సున్నం మెత్తది. సిమెంటు కొడితే పాత గోడకు బలం.

గట్టిదే. గొడవంతా ఆ గట్టిదనంతోనే. డంగు సున్నంతో, అంటే ఇసుక కలిపి గానుగలో నూరిన సున్నంతో, కట్టిన రాతిగోడకు పునాదిలో తేమను ఆపే పొర ఉండదు. నేలలోని తేమ గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది, సున్నపు పూతలోని సన్నని రంధ్రాల గుండా ఆరిపోతూనే ఉంటుంది. ఎక్కినంతా ఆరితే గోడ పొడిగానే కనిపిస్తుంది. దాని మీద అంగుళం మందాన సిమెంటు కొట్టించారంటే ఆ ఆరే దారి మూసుకుపోతుంది. ఇక తేమ పైకే పోవాలి. మొన్నటిదాకా జానెడు ఎత్తున ఉన్న మరక, సిమెంటు ఎక్కడ ముగిసిందో దాని పైన తేలుతుంది. తేమతో పాటు వచ్చిన ఉప్పు లోపలే గడ్డకట్టి ఉబ్బుతుంది. కొన్నేళ్లకు ప్లాస్టరింగ్ పెచ్చులూడుతుంది. ఊరికే ఊడదు, ఇటుక ముఖాన్ని, రాతి పైపొరను కూడా లాక్కుని ఊడుతుంది.

ఇంకోటి. నల్లరేగడిలో కట్టిన ఇల్లు వానకాలం ఓ రకంగా, ఎండకాలం ఓ రకంగా కాస్త కదులుతుంది. సున్నం ఆ కదలికకు సర్దుకుంటుంది. వెంట్రుకవాసి బీటలు పడినా, తడికి కరిగిన సున్నం మళ్లీ అక్కడే పేరుకుని వాటిని పూడ్చుకుంటుంది కూడా. సిమెంటుకు ఆ గుణం లేదు. పగులుతుంది, పగులులోంచి వాన నీళ్లు లోపలికి పోతాయి, బయటికి మాత్రం రావు.

నారాయణపేట వైపు ఒక పల్లెలో ఒక అవ్వ ఇల్లు చూశాను. కొడుకు బొంబాయిలో పని చేసి పంపిన పైసలతో, మనవరాలి పెళ్లని లోపలా బయటా సిమెంటు కొట్టించి రంగులేయించింది. రెండు వానకాలాలు గడిచేసరికి అర్రలో మంచం ఎత్తుకు చెమ్మ. వేలి కణుపుతో గోడను కొడుతూ పోతే ఒకచోట డొల్ల చప్పుడు. అరచెయ్యంత ముక్క చెక్కి తీశాం. వెనక పాత సున్నం తడి పిండిలా చేతికొచ్చింది, దాని మీద దూదిపోగుల్లా తెల్లగా ఉప్పు. దూలం గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవర్ పెడితే పిడి దాకా దిగిపోయింది. టేకు దూలం అది! "పైసలు పోతే పోయినయి బిడ్డా, ఇల్లుంటదా?" అని అడిగింది. ఉంటది అవ్వా, టెన్షన్ పడకు అన్నాను. ఉంది కూడా. సిమెంటంతా తీయించి ఎండకాలమంతా గోడను ఆరనిచ్చాం, కుళ్లిన దూలం కొసను కోసి కొత్త టేకు అతికించాం, ఆ తర్వాతే సున్నం పూత.

అసలు ఆ ఇంటికి చెమ్మ ఎందుకొచ్చిందో తెలుసా? గల్లీలో సీసీ రోడ్డు మీద రోడ్డు వేసి, రోడ్డు గడప కంటే ఎత్తయింది. వాన నీళ్లన్నీ గోడ మొదట్లోకే. గోడ వెంట చిన్న కాలువ తీయించడానికైన ఖర్చు, సిమెంటుకు పోసిన దానిలో పదో వంతు కూడా లేదు. గోడను ముట్టుకునే ముందు రోడ్డు ఎత్తు, మిద్దె మీది గొట్టం నీళ్లు ఎక్కడ పడుతున్నాయో, గోడకు ఆనించి కట్టిన స్నానాల గది, ఈ మూడూ చూడండి.

మఠంపల్లి, మేళ్లచెర్వు ఫ్యాక్టరీలున్న గడ్డ మీద సిమెంటును తిడుతున్నానని మా చుట్టాలే నవ్వుతారు. నాకు సిమెంటు మీద పగ లేదు. కొత్త స్లాబు ఇల్లు దాంతోనే కట్టుకోండి. కానీ మన దేశంలో పోర్‌బందర్‌లో సిమెంటు తయారీ నిలదొక్కుకున్నదే 1914లో. అంతకు ముందటి గడులు (దొరల కోటల్లాంటి ఇళ్లు), బంగ్లాలు, కోటగోడలు దాన్ని చూసి ఎరగవు.

అపోహ: కోడిగుడ్డు సొన, బెల్లం, కరక్కాయ లేనిదే డంగు సున్నం కాదు. ఆ రహస్యం పాతవాళ్లతోనే పోయింది.

రహస్యం ఏమీ లేదు. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలుస్తారు, నీళ్లలో వేసి ముగ్గబెడతారు. గోడకెక్కాక అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మెల్లగా మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. బెల్లం, కరక్కాయ నీళ్లు పనికొస్తాయి, కాదనను. కానీ ముగ్గని సున్నంలో ఎంత బెల్లం పోసినా దండగే. రాళ్ల సున్నం తెచ్చి, గుంటలో నీళ్లు పైన నిలిచేలా వారాల పాటు ఉంచండి. వెన్నలా అయ్యాక కడిగిన గరుకు ఇసుకతో బాగా నూరించండి. గానుగ లేకపోతే మిక్సర్ చాలు. పల్చని పూతలుగా వేయించి, తడి గోనెపట్టాలు కప్పండి. మేస్త్రీ మీద ఒక కన్నేసి ఉంచండి. "తొందరగా సెట్టయితది సార్" అంటూ గుప్పెడు సిమెంటు కలిపేస్తారు. తెల్లారేసరికి పూత రాయిలా అయిందంటే కలిపారనే అర్థం.

అపోహ: బీట పడిందంటే ఇల్లు కూలినట్టే.

ఈ భయంతో నిద్రపట్టని వాళ్లను చూస్తే జాలేస్తుంది. చాలా బీటలు మీరు పుట్టకముందు పడి, అక్కడే ఆగిపోయినవి. బీటకు అడ్డంగా సన్నని గాజు ముక్కను రెండు కొసల దగ్గర అతికించి, పక్కన తేదీ రాయండి. ఒక వానకాలం, ఒక ఎండకాలం చూడండి. గాజు పగలకపోతే బీట నిద్రపోతున్నట్టే, సున్నంతో పూడ్చండి చాలు. పగిలితే ఇంజినీరును పిలవండి. ఇలా కాక గోడ పొట్ట ఉబ్బినా, దూలం గోడలోంచి జారుతున్నా గాజుముక్కల పని పెట్టుకోకండి, ఆ గది వెంటనే ఖాళీ చేయండి.

ఇక పాత గుళ్ల కింద గుప్తనిధులు ఉంటాయన్న అపోహ. దీని మీద నాకు ఓపిక లేదు. పాడుబడ్డ గుడి కనిపిస్తే చాలు, నంది కింద తవ్వడం, లింగాన్ని పెకలించడం. 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో పది రూపాయల విలువకు మించి నిధి ఏది దొరికినా కలెక్టరుకు చెప్పాల్సిందే. "గుళ్లను విప్పి మళ్లీ కట్టలేదా" అని ఒకాయన నాతో వాదించాడు. కట్టారు. శ్రీశైలం డ్యాం ముంపు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తెచ్చి కట్టింది రాయి రాయికీ నంబరేసి, డ్రాయింగులు గీసుకుని. గడ్డపారతో అర్ధరాత్రి తవ్వినవాడు నంబర్లేస్తాడా?

రైలు మాట కూడా ఒకటి. 1916లో సికింద్రాబాద్ నుంచి గద్వాల దాకా వచ్చిన మీటర్ గేజ్ లైను మనది. ఆ లైను పాత కట్టడాలు చూడబోతే ఎవరో ఒకరు "జడ్చర్ల, పాలమూరు మధ్య వంతెన కూలినందుకే లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా చేసిండు" అంటారు. సగం నిజం. 1956 సెప్టెంబరులో జరిగిన ఆ ప్రమాదంలో వందమందికి పైగా పోయారు, అప్పటి రైల్వే మంత్రి శాస్త్రి రాజీనామా ఇస్తే ప్రధాని నెహ్రూ ఒప్పుకోలేదు. పదవి వదిలింది అదే ఏడు నవంబరులో తమిళనాడు వైపు అరియలూరు ప్రమాదం తర్వాత.

చివరిది, అలంపురం లాంటి చోట ఎక్కువ వినిపించేది: పురావస్తు శాఖ వాళ్ల కంట పడితే ఇల్లు పోతుంది, రిపేరు కూడా చేసుకోనివ్వరు.

పాత ఇల్లయినంత మాత్రాన ఎవరూ తీసుకోరు. కేంద్రం ఏదైనా కట్టడాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించాలంటే ముందు నోటీసిచ్చి, అభ్యంతరాలకు రెండు నెలల గడువివ్వాలి. కేంద్ర రక్షిత కట్టడం నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం కుదరదు, ఆపైన ఇంకో 200 మీటర్ల వరకు అనుమతి తీసుకుని కట్టుకోవాలి. అయితే ఆ 100 మీటర్లలో 1992 జూన్ 16కు ముందు నుంచే ఉన్న ఇంటికి రిపేరు కోసం దరఖాస్తు పెట్టుకునే వీలు చట్టంలోనే ఉంది. తిప్పలల్లా ఇల్లు అప్పటికే ఉందని చూపించుకోవడం దగ్గరే. పాత ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, పెళ్లి ఫొటోల్లో వెనక గోడ కనిపించినవి ఉంటే తీసి పెట్టుకోండి. చెదలు పట్టకముందే జిరాక్సులు తీయించండి.