తొలకరికి వజ్రాలు మొలవవు: రాళ్ల వేటలో అపోహలు, వాస్తవాలు

అనంతపురంలో పిల్లలకు జియాలజీ చెప్పడం నా ఉద్యోగం. సెలవొస్తే స్నేహితులను వెంటేసుకుని వంకలు, గుట్టలు తిరిగి స్ఫటికాలు ఏరుకోవడం నా పిచ్చి. జూన్‌లో నాలుగు చినుకులు పడితే చాలు, "అన్నా, తుగ్గలి వైపు పోదామా, జొన్నగిరి పోదామా" అని ఫోన్లు మొదలవుతాయి. బండెక్కినప్పటి నుంచి దిగేదాకా ఆ కబుర్లే. వాటిలో కొన్ని వినడానికి సరదాగా ఉంటాయి. కొన్నిటిని నమ్మితే చేతికొచ్చిన రాయి చేజారుతుంది. ఒకటి మాత్రం ప్రాణం మీదకు తెస్తుంది.

అపోహ: తొలకరి వానకు వజ్రాలు పుడతాయి, పిడుగు పడిన చోట దొరుకుతాయి.

వజ్రం పుట్టేది భూమి లోపల 150 కిలోమీటర్లకు మించిన లోతులో. దాన్ని పైకి మోసుకొచ్చేది కింబర్లైట్ అనే శిల. మన వజ్రకరూరు, లత్తవరం దగ్గర నేలలోకి గొట్టాల్లా దిగి ఉన్న ఈ శిల వయసు సుమారు 110 కోట్ల ఏళ్లు. అది అరిగేకొద్దీ అందులోని వజ్రాలు వంకల్లోకీ చేలలోకీ కొట్టుకొచ్చాయి. బనగానపల్లె వైపు పాత గులకరాళ్లు గట్టిగా అతుక్కుపోయి ఏర్పడిన శిలలోనూ వజ్రాలు చిక్కుకుని ఉన్నాయి. దున్నితే అడుగు రాళ్లు పైకొస్తాయి, వాన వాటి మీది మన్ను కడుగుతుంది. వాన చేసే పని అంతవరకే. దానికే తుగ్గలి, మద్దికెర, పెరవలి చేలు జాతరలా నిండిపోతాయి.

బొగ్గే నలిగి నలిగి వజ్రమవుతుందన్న మాట కూడా ఈ వయసు లెక్క ముందు నిలవదు. బొగ్గు చెట్టూచేమా నుంచి వచ్చింది. నేల మీద మొక్కలు పుట్టి ఇంకా 50 కోట్ల ఏళ్లు కూడా కాలేదు.

అపోహ: ఎండకు తళుక్కుమన్నదే వజ్రం.

అందరూ బోర్లా పడేది ఇక్కడే. ఎర్రచేలో తళుక్కుమనేవి పలుగురాయి పెచ్చులు, కాకిబంగారం, సీసా పెంకులు. సాన పట్టని వజ్రానికి ఆ తళుకు ఉండదు, ఒకలాంటి జిడ్డు నిగారింపు ఉంటుంది. తెలియనివాళ్లు దాన్ని దాటుకుని పోతారు. కాబట్టి మెరుపును వదిలేసి ఆకారం చూడండి.

ఒకసారి వంకలో మా వాడొకడు చిటికెన వేలంత రాయి తెచ్చాడు. నీళ్లలా తేటగా ఉంది, ఆరు పలకలు, కొసన మొన. "అన్నా, ఎవరో సాన పట్టినట్టే ఉంది, వజ్రమే" అంటాడు. దాన్ని వెలుతురుకు కాస్త వాల్చి చూపించాను. పలక మీద నిలువునా కాదు, అడ్డంగా సన్నని గీతలు, ఒకదాని కింద ఒకటి. గోరు పైనుంచి కిందికి లాగితే మెట్టుమెట్టుకీ ఆగుతోంది. ఆ అడ్డగీతలు పలుగురాయి స్ఫటికానికి గుర్తు. వజ్రం ఇలా స్తంభంలా పెరగదు. ఎక్కువగా రెండు పిరమిడ్లను అడుగులు కలిపి అంటించినట్టు ఎనిమిది ముఖాలతో ఉంటుంది, అంచులు అరిగి గుండ్రబడి ఉంటాయి. పదింతలు పెద్దదిగా చూపే చిన్న లెన్స్ పెట్టి చూస్తే, ఆ ముఖాల మీద చాలాసార్లు బుల్లిబుల్లి త్రిభుజాలు చెక్కినట్టు కనిపిస్తాయి. ఆ లెన్స్ లేకుండా నేను బండి ఎక్కను.

మావాడు డీలా పడ్డాడు గానీ, అంత చక్కటి స్ఫటికం దొరకడం కూడా మామూలు విషయం కాదు. నన్నడిగితే రోజంతా మట్టిలో వజ్రం కోసం కళ్లు కాయలు కాచుకోవడం కంటే ఇదే మేలు.

అపోహ: అసలు వజ్రమైతే సుత్తితో కొట్టినా పగలదు.

దీన్ని నమ్మి పగలగొట్టుకున్న రాళ్లకు లెక్కే ఉండదు. గీత పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు. కాఠిన్యం కొలతలో వజ్రానిది 10, అన్నిటికంటే పైమెట్టు. అంటే దాన్ని గీయగలిగేది ఇంకో వజ్రమే. కానీ దానికి నాలుగు దిశల్లో చీలే గుణముంది. నారవెంట గొడ్డలి పడ్డ కట్టెలా ఆ దిశలో దెబ్బ పడితే చీలిపోతుంది. వజ్రాల పనివాళ్లు పెద్ద రాళ్లను ముక్కలు చేసుకున్నది కూడా ఈ గుణం ఆధారంగానే. దయచేసి బండ మీద పెట్టి పరీక్షించకండి.

గాజును గీస్తే వజ్రమేననేది దీనికి తమ్ముడు. పలుగురాయి కాఠిన్యం 7, గాజుది ఐదున్నర చిల్లర. రోడ్డు పక్క పలుగురాయి కూడా మీ కిటికీ అద్దాన్ని గీసేస్తుంది.

నీళ్లలో వేస్తే వజ్రం కనపడకుండా పోతుందంటారు. కాంతిని అంత గట్టిగా వంచే రాయి నీళ్లలో మాయమెలా అవుతుంది? నిజానికి వజ్రానికి నీళ్లు అంటవు, జిడ్డు అంటుకుంటుంది. గనుల్లో కంకరను నీళ్లతో కలిపి గ్రీజు పూసిన బల్ల మీదుగా పారిస్తే వజ్రాలు అక్కడే అతుక్కుని ఆగిపోయేవి.

పెద్దవాళ్ల మాటల్లో నిజమైనది కూడా ఒకటుంది. అసలు స్ఫటికం చెంపకు ఆనిస్తే చల్లగా తగులుతుందంటారు. అవును, స్ఫటికం వేడిని గాజు కంటే త్వరగా లాగేసుకుంటుంది. స్ఫటిక మాల కొనేటప్పుడు ఇలా చూడొచ్చు. లోపల గుండ్రటి గాలి బుడగలు కనిపిస్తే మాత్రం అది గాజే.

అపోహ: చేతికి బరువుగా తగిలితే విలువైన రాయే.

మంగంపేట ముగ్గురాయిని చేతిలోకి తీసుకోండి, పలుగురాయి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లకు పైగా బరువు. అది లారీల్లో టన్నుల లెక్కన పోతుంది. బియ్యపు గింజంత వజ్రం బరువు అరచేతికి తెలియనే తెలియదు.

ఇక ప్రాణం మీదకు తెచ్చేది. పులివెందుల చుట్టుపక్కల పట్టుదారంలా మెరిసే పోగులున్న రాయి కనిపిస్తుంది. అది రాతినార, అంటే ఆస్బెస్టాస్. "భలే ఉంది మామా, షోకేసులో పెడదాం" అని గోటితో పోగులు లాగుతారు. ఆ పోగులు కంటికి కనపడనంత సన్నగా విడిపోయి ఊపిరితో లోపలికి పోతాయి, బయటికి రావు. ఊపిరితిత్తుల జబ్బు, క్యాన్సర్ ఏళ్ల తర్వాత బయటపడతాయి. దాన్ని చూసి వదిలేయండి, ఇంటికి తేకండి.

అపోహ: చేలో దొరికింది ఎవరికి దొరికితే వాళ్లదే, ఎక్కడైనా తవ్వుకోవచ్చు.

1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం లీజు లేకుండా తవ్వకం కుదరదు. మేం గడ్డపార తీసుకుపోం, నేల మీద కనిపించినవే చూస్తాం, అదీ రైతును అడిగాకే. విత్తనం పడ్డాక గెనెం దాటి లోపలికి దిగం. జొన్నగిరి దాకా వెళ్లినవాళ్లు ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాల బండలు చూసి రండి. సుత్తి మాత్రం బండిలోనే ఉంచండి.