తొలకరి, జొన్నగిరి పొలాలు, వజ్రాల పిచ్చి: కొన్ని అపోహలు - వాస్తవాలు

తొలకరి పడిందంటే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం వజ్రాల కోసం వెతకడం మొదలెడతారు, భూగర్భశాస్త్రం చెప్పుకుని బతికే నాలాంటివాళ్లకు ఫోన్లు మొదలవుతాయి. "సార్, తుగ్గలి దగ్గర పొలంలో రాయి దొరికింది, ఫోటో పెట్టాను, చూడండి." ఫోటో చూసి వజ్రమని తేల్చడం ఎవరివల్లా కాదు. చేతికి తెచ్చి ఇచ్చినవి మాత్రం దాదాపు అన్నీ పలుగురాళ్లే.

అపోహ: వానకు వజ్రాలు పైకి తేలతాయి. నాలుగు రోజులు ఓపిక పడితే ఒకటైనా దొరక్కపోదు.

వాస్తవం: వాన వజ్రాన్ని పుట్టించదు, పైకీ తేల్చదు. భూమిలో 150 కిలోమీటర్లకు పైగా లోతున తయారైన వజ్రాన్ని పైకి మోసుకొచ్చింది కింబర్లైట్, అంటే భూమి లోతుల నుంచి కరిగి ఎగదన్నుకొచ్చి గట్టిపడిన రాయి. అనంతపురం జిల్లాలో వజ్రకరూరు, లత్తవరం చుట్టూ ఉన్న కింబర్లైట్ల వయసు 100 కోట్ల ఏళ్ల పైమాటే. అలాంటి రాయి అరిగి కొట్టుకుపోయిన గులకల్లో ఎక్కడో ఒక వజ్రం మిగిలి ఉంటుంది. గుంటక తోలిన నేలను వాన కడిగితే రాళ్లు మెరుస్తాయి, అంతే. యంత్రాలు పెట్టి తవ్వే మధ్యప్రదేశ్ పన్నా గనిలోనే 100 టన్నుల రాయి పిండి చేస్తే వచ్చేది సుమారు 10 కేరట్లు, అంటే 2 గ్రాములు. ఇక కర్రపుల్లతో మట్టి కదిలించేవాళ్ల సంగతి మీరే లెక్కేసుకోండి.

ఏటా ఒకరికో ఇద్దరికో దొరికిందని వార్త వస్తుంది. ఉత్త చేతులతో వెళ్లినవాళ్ల గురించి ఎవరూ రాయరు. ప్రకాశం వైపు నుంచి వచ్చిన ఒకాయన గుడి అరుగు మీద తువ్వాలు పరిచి తన రాళ్లు చూపించాడు. ఒక్కోదాన్ని చిన్న కాగితంలో చుట్టి, దొరికిన తారీకు పైన రాసుకున్నాడు. మిరపలో నష్టమొచ్చి, మళ్లీ వడ్డీకి డబ్బు తెచ్చుకుని వచ్చారట. ఆయన భార్య రాళ్లను కాదు, నా ముఖాన్నే చూస్తోంది. అన్నీ పలుగురాళ్లని చెప్పడానికి నోరు రాలేదు, కానీ చెప్పాను. వాళ్ల మీద నాకు కోపం లేదు. కోపమంతా "లక్కు ఉంటే కోట్లు" అని వీడియోలు పెట్టేవాళ్ల మీదే. నిజంగా దొరికినా సుఖం లేదు, విలువ తెలియనివాడికి ధర చెప్పేది కొనేవాడే.

మధ్యలో నలిగేది రైతు. శెనక్కాయ వేయడానికి సిద్ధం చేసుకున్న చేను పదుగురు తొక్కితే గట్టిపడుతుంది. ఆయనకు పదును పోయేలోపు విత్తనం పడాలి.

అపోహ: అసలు వజ్రం సుత్తితో కొట్టినా పగలదు.

వాస్తవం: పగులుతుంది. గీత పడకపోవడం వేరు, దెబ్బకు ఆగడం వేరు. ఈ పరీక్షలో పోయిన రాయి మళ్లీ అతకదు. గాజును గీయడమూ పరీక్ష కాదు, పలుగురాయి కూడా గీస్తుంది.

అపోహ: కోహినూర్ ఈ జొన్నగిరి వైపుదే.

కాదు. కృష్ణా ఒడ్డున కొల్లూరుదని చెబుతారు.

అపోహ: వజ్రాలు లేకపోతే ఆ ఊళ్లలో చూడ్డానికేముంది?

గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడి గుండ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. 1920ల చివర్లో వాటిని గుర్తించింది కూడా ఓ భూగర్భ శాస్త్రవేత్తే, మావాళ్ల ఘనత ఇదొక్కటైనా చెప్పుకోనివ్వండి. ఒక శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. చలికాలంలో పొద్దున్నే వెళ్లండి, పక్కవాటు వెలుతురులో అక్షరాలు బాగా కనబడతాయి. నీళ్ల సీసా మీరే తీసుకెళ్లండి.